పంకజాక్షి దాచుకున్న ఉన్ని ఉండ

చేతులు ఖాళీగా ఉన్నవాళ్లకు అలివేలమ్మ గారు పాఠం చెప్పేవారు కాదు. మదనపల్లె దాటాక కొండవాలున ఉన్న ఆవిడ పెంకుటింటి వసారాలో పొద్దున ఏడింటికల్లా చేరేవాళ్లం, ఎనిమిది మందిమో తొమ్మిది మందిమో. చాప మీద కూర్చోగానే ఒకరికి దువ్విన ఉన్ని, ఒకరికి కదురు, ఒకరికి అల్లిక సూదులు అందేవి. గొర్రెపిల్లలకు మొదటిసారి కత్తిరించిన బొచ్చు మెత్తగా ఉంటుంది. దాన్ని వడికి, రెండు పోగులు కలిపి పురి వేసి, పట్నం ఆసుపత్రిలో పుట్టే పసివాళ్లకు టోపీలు అల్లేవాళ్లం. "చెవులు నాకివ్వండి, చేతులు ఉన్నికివ్వండి" అనేవారు ఆవిడ. ఎనభై రెండేళ్ల మనిషి, పాఠం చెబుతున్నంతసేపూ ఆవిడ కదురు కూడా తిరుగుతూనే ఉండేది. ఆవిడకు ఇంకొక అలవాటు ఉండేది. ఎవరైనా ప్రశ్న అడిగితే అప్పటికప్పుడు జవాబు చెప్పేవారు కాదు. "ఉండనీ" అనేవారు. ఒక్కోసారి నెల తర్వాత వచ్చేది జవాబు. ఒక్కోసారి వచ్చేదే కాదు, అడిగినవాళ్లకూ అడిగిన సంగతి గుర్తుండేది కాదు. పంకజాక్షి అడిగిన ప్రశ్నకు మాత్రం మర్నాడే జవాబు వచ్చింది. అది ఎవరూ అనుకున్న జవాబు కాదు, అలివేలమ్మ గారు అనుకున్నదీ కాదు. అక్కడున్న వాళ్లలో ఇప్పుడు మిగిలింది కొద్దిమందిమి కాబట్టి, జరిగింది జరిగినట్టు రాసి ఉంచుతున్నాను.

పంకజాక్షి టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఇరవై తొమ్మిదేళ్లు ఆపరేటరుగా పనిచేసింది. పెళ్లి చేసుకోలేదు. ఊళ్లో నాలుగు వందల చిల్లర ఫోన్లు ఉన్న కాలంలో ఆ నాలుగు వందల చిల్లర నంబర్లూ ఆమెకు నోటికి వచ్చేవి. ఫోనెత్తి "కిరోసిన్ డిపో" అంటే చాలు, నంబరు చెప్పనక్కర్లేదు. అలాంటి మనిషి అరవై ఆరో ఏట మరచిపోవడం మొదలుపెట్టింది. ఒకరోజు రెండు కాళ్లకు రెండు రకాల చెప్పులతో పాఠానికి వచ్చింది. ఇంకో రోజు, ఎప్పుడూ వదినా అనే నన్ను ఎవరో కమలా అని పిలిచి, తప్పు తెలుసుకుని, సాయంత్రం దాకా తల ఎత్తలేదు. మేం చూడనట్టే ఉండేవాళ్లం. మాకు గొర్రెబొచ్చు తెచ్చిపెట్టే గంగులమ్మ ఒక్కతే చూసినట్టు ఉండేది. గొర్రెలు కాచే ఇంటి మనిషి, దేనినీ చాటు పెట్టి మాట్లాడటం ఆమెకు చేతకాదు. "ఏం పంకజక్కా, ఈ పొద్దు రెండు చెప్పులూ ఒక్క తల్లి బిడ్డలేనే" అనేది. పంకజాక్షి కూడా నవ్వేది. ఆ నవ్వు మా జాలి కంటే ఆమెకు నయంగా ఉండేదని నాకు తర్వాత అర్థమైంది.

మార్గశిరంలో ఒక పొద్దున, పాఠం ముగిసి అందరం లేస్తుండగా, పంకజాక్షి లేవలేదు. "అమ్మా, ఒకటి అడుగుతాను. ఈసారి ఉండనీ అనకండి, నాకు అంత వ్యవధి లేదు" అంది. అలివేలమ్మ గారు అడగమన్నట్టు చూశారు.

"అన్నీ జారిపోతున్నాయి. పోతే పోనీ, అన్నీ నాకెందుకు? ఒక్కటి మాత్రం జారకుండా పట్టుకోవాలంటే ఏం చెయ్యాలి?"

"ఏ ఒక్కటి?"

"మా అమ్మ."

అప్పుడు మొదటిసారి ఆ ఉన్ని ఉండ సంగతి చెప్పింది. వాళ్ల అమ్మ కూడా వడికేది. తండ్రి పక్షవాతంతో లోపలి గదిలో మంచం పట్టాక, గడప అవతల గోడకు ఆనుకుని కూర్చుని కదురు తిప్పేది. మూరెడు పోగు తీయగానే చెయ్యి ఆపేది. లోపల ఆయన ఊపిరి వినబడుతోందా లేదా అని ఒక్క క్షణం వినేది, వినబడ్డాక మళ్లీ తిప్పేది. ఆగిన ప్రతిచోటా ఉన్ని కొంచెం ఎక్కువ చేరి, పోగు మీద చిన్న బుడిపె మిగిలేది. మూరకొక బుడిపె. అలాంటి పోగు ఇంకెవరి చేతా రాదు. ఆవిడ తొంభై ఎనిమిదిలో, కార్తీకంలో పోయింది. చివరిగా వడికిన ఉండ ఒకటి మిగిలింది. దాన్ని పంకజాక్షి వేపాకు వేసి బిస్కెట్ల డబ్బాలో దాచింది. శుక్రవారం శుక్రవారం తలుపు వేసుకుని, ఉండ చేతిలో పెట్టుకుని, పై వరసలో బుడిపెలు తడుముకునేది.

"అమ్మ గొంతు పోయిందమ్మా. మొహం కూడా ఫోటోలో ఉన్నంత వరకే వస్తోంది. కానీ కళ్లు మూసుకుని ఇది ముట్టుకుంటే ఇది అమ్మదని నా చేతికి తెలుసు. ఊళ్లో నంబర్లన్నీ పోయినా ఇది తెలుసు. ఇది కూడా తెలియని రోజు వస్తే నేనున్నట్టా, లేనట్టా?"

అలివేలమ్మ గారు "రేపు తీసుకురా, చూద్దాం" అన్నారు.

మర్నాడు తెచ్చింది. డబ్బా ఒళ్లో పెట్టుకుని, మూత తీసి, పెద్ద నిమ్మకాయంత ఉండను రెండు చేతుల్లో పట్టుకుని చూపించింది. బూడిదరంగు ఉన్ని, ఒంటిపోగు, ఎండిన వేపాకు వాసన. మేమంతా తల వంచి చూశాం. నేను ఒక్క బుడిపె మీద వేలు పెట్టి చూసి తీసేశాను. అలివేలమ్మ గారు ముట్టుకోలేదు, దూరం నుంచే చూశారు. చేతిలోకి అందుకున్నది గంగులమ్మ. తీసుకుని చెవి దగ్గర పెట్టుకుంది, తర్వాత చాప మీద మెల్లగా తట్టింది. చాప మీద గోధుమరంగు పొడి రాలింది.

"పురుగు పట్టిందక్కా" అంది.

"వేపాకు వేశాను కదే."

"వేపాకు పైనుండేదానికి. ఇది లోపలికి పోయింది. మా ఇంట్లో ఒకపారి ఇట్లే గొంగడి మడిచి దాచినారు. పైకి పెండ్లికూతురు మాదిరుండె. విప్పితే పిండి. ఇప్పుడే విప్పి దులపాల. లేకుంటే ఇంకో ఏడాదికి నువ్వు డబ్బా మూత తీస్తే ఎగిరిపోతాది."

పంకజాక్షి ఉండను లాక్కుని గుండెకు ఆనించుకుంది. విప్పితే అమ్మ చుట్టిన చుట్టు పోతుందని ఆమె బాధ. విప్పకపోతే పోగే పోతుంది. ఆమె అలివేలమ్మ గారి వైపు చూసింది. ఆవిడ కదురు తిప్పుతూనే ఉన్నారు. చివరికి పంకజాక్షి నా వైపు తిరిగి, "వదినా, చేతులు పట్టు" అంది. నేను ఎదురుగా కూర్చుని రెండు చేతులూ ఎడంగా చాచాను. ఉండ విప్పుకుంటూ ఆమె పోగును నా చేతుల చుట్టూ చుట్లు చుట్లుగా తిప్పి చిలప వేయసాగింది. పై మూడు వరసల్లో పురుగు గూళ్లు దొరికాయి, బియ్యపు గింజలంత. నాలుగు చోట్ల పోగు తెగి ఉంది. తెగిన చోటల్లా ఆమె పెదవి కొరుక్కుని ముడి వేసింది. లోపలికి వెళ్లేకొద్దీ పోగు శుభ్రంగా ఉంది. ఆమె మొహం తేటపడింది. చేతికి బుడిపె తగిలినప్పుడల్లా, "ఇదిగో, ఇక్కడ ఆగింది. ఇదిగో, ఇక్కడ మళ్లీ విన్నది" అంటూ వచ్చింది.

"మీ నాయనకు ఊపిరి బాగుండె లేక్కా, అన్నిసార్లు విన్నా వినబడ్తానే ఉండె" అంది గంగులమ్మ.

"ఆయనకు ఊపిరికేం, రోజుకు నాలుగుసార్లు కాఫీ అడిగేవారు" అని నవ్వింది పంకజాక్షి. ఆ పొద్దున మేం నవ్వడం అదే ఆఖరు.

ఉండ కరిగి కరిగి ఉసిరికాయంత అయింది. తర్వాత పోగు అయిపోయి, ఆమె అరచేతిలో గట్టిగా మడిచిన చిన్న కాగితం మిగిలింది. ఉన్ని వడికే ఇళ్లలో ఇది మామూలు సంగతి. ఉండ చుట్టడం మొదలుపెట్టిన రోజున గోడ మీది క్యాలెండరు నుంచి ఆ రోజు కాగితం చింపి, మడిచి, దాని మీద మొదటి చుట్టు వేస్తారు. పాత ఉండ ఏదో, కొత్తది ఏదో తెలియాలని, పాతది ముందు వాడాలని. మేమూ అలాగే చేసేవాళ్లం. పంకజాక్షికి ఈ పద్ధతి తెలియక కాదు. అమ్మ ఉండలోనూ కాగితం ఉంటుందన్న సంగతి ఆమెకు ఎన్నడూ తట్టలేదు. తట్టేసరికి కళ్లనిండా నీళ్లు వచ్చాయి. "అమ్మ మడిచిన మడత" అంది. ఎంతో నెమ్మదిగా, చిరగకుండా, ఒక్కొక్క మడతా విప్పింది. కళ్లద్దాలు సర్దుకుని చదివింది. ఒకసారి చదివి ఆగింది. పెదవులు కదిలాయి, మళ్లీ చదివింది. తర్వాత కాగితం నా ఒళ్లో పెట్టి, "వదినా, నువ్వు చదువు. నా కళ్లకు అంకెలు సరిగ్గా ఆనడం లేదు" అంది.

నా చేతుల నిండా చిలప ఉంది. తల వంచి చదివాను. విక్రమ నామ సంవత్సరం, శ్రావణ మాసం. ఆగస్టు ఎనిమిది, మంగళవారం. రెండు వేల సంవత్సరం.

అలివేలమ్మ గారి కదురు ఆగిపోయింది. ఆవిడ పోగు మధ్యలో ఆపడం నేను చూడటం అదే మొదలు. పురుగును చూడటానికి విప్పుతున్నామని తప్ప ఆవిడకు కూడా ఇంకేమీ తెలియదని ఆ చేతిని చూస్తే తెలిసింది.

"మళ్లీ చదువు" అంది పంకజాక్షి. మళ్లీ చదివాను. "తొంభై ఎనిమిది కాదూ?" కాదన్నాను. ఆమె లెక్క వేసుకుంటున్నట్టు వేళ్లు ముడిచింది. అమ్మ పోయింది తొంభై ఎనిమిది కార్తీకంలో. ఇది అప్పటికి దాదాపు రెండేళ్ల తర్వాతి కాగితం. "అయితే ఇది ఎవరు వడికారు?" అని అడిగింది, మమ్మల్ని కాదు, కాగితాన్ని. "అమ్మ పోయాక ఇంట్లో నాన్నా నేనూ తప్ప ఎవరూ లేరు. నాన్నకు చెయ్యి లేవదు. ఆయన కూడా ఆ ఏడే భాద్రపదంలో పోయారు. ఎవరు వడికారు?"

మళ్లీ పంకజాక్షే అంది. "నేను కాదు. నాకు వడకడం రాదుగా అప్పటికి. అమ్మ నన్ను కదురు ముట్టనిచ్చేది కాదు, చదువుకోమనేది. నాకు ఇక్కడికి వచ్చాక కదా మీరు నేర్పారు, అమ్మా? మీరే కదా నేర్పింది?"

అలివేలమ్మ గారు చెప్పారు. "నేర్పుదామనే కూర్చున్నాను. కదురు చేతికిచ్చాను. నేను నోరు తెరిచేలోపు నువ్వు రెండు మూరలు వడికేశావు."

అది నిజం. ఆ రోజు నేనూ ఉన్నాను. ఎక్స్ఛేంజి తీగలు మార్చిన చెయ్యి కాబట్టి తొందరగా పట్టుకుందని మేమంతా మెచ్చుకున్నాం. ఎవరమూ ఇంకేమీ అనుకోలేదు. ఆమె కూడా అనుకోలేదు.

పంకజాక్షి మొహం తెల్లబోయింది. ఆ మాటను మనం ఊరికే వాడేస్తుంటాం గాని, నిజంగా రక్తం దిగిపోవడం నేను అప్పుడు చూశాను. ఆమె తన రెండు చేతులూ తిప్పి తిప్పి చూసుకుంది, ఇంకెవరివో తన ఒళ్లో పెట్టి వెళ్లినట్టు. "నాన్న మందుల వేళలు గుర్తున్నాయి" అంది. "పొద్దున ఆరు, మధ్యాహ్నం రెండు, రాత్రి తొమ్మిది. గురక గుర్తుంది. గడప గుర్తుంది. గోడ చల్లగా వీపుకు తగలడం గుర్తుంది. కదురు గుర్తు లేదు. ఒక్క మూర కూడా గుర్తు లేదు." తర్వాత గొంతు మారిపోయింది. "నా పేరు పంకజాక్షి. ఎక్స్ఛేంజిలో ఇరవై తొమ్మిదేళ్లు. కిరోసిన్ డిపో అరవై ఒకటి. పెద్ద డాక్టరు గారు నూట పన్నెండు. తాలూకాఫీసు నాలుగు. బస్టాండు... బస్టాండు..." అక్కడ ఆగిపోయింది. ఆమె కళ్లల్లోని భయం చూడలేక నేను చిలప వైపు చూశాను.

గంగులమ్మ జరిగి వచ్చి ఆమె మోకాలి మీద చెయ్యి వేసింది. "బస్టాండుకు ఫోనెందుకక్కా, ఆడ ఎవురూ ఎత్తరు" అంది. ఆ మాటకు పంకజాక్షి నవ్వలేదు, కానీ ఊపిరి తీసుకుంది.

ఇంత జరిగినా ఆమె ఒప్పుకోలేదు. ఎక్స్ఛేంజి మనిషి కదా, తీగ ఎక్కడ తప్పిందో చూడందే వదలదు. ఆ పొద్దున తను వడికిన కదురు తీసుకుని, దాని మీది పోగు మూరెడు లాగి, నా చేతుల మీది చిలప పక్కన పెట్టింది. ఆమె పోగు మా అందరిలోకీ నున్ననిది. ఎంత తడిమినా వేలికి ఏమీ తగలదు. "చూడండి, నాది ఇట్లా ఉంటుంది. ఇందులో బుడిపె ఎక్కడ? ఇది నాది కాదు. నాదైతే బుడిపె ఎందుకు వస్తుంది?" అంది. ఆ గొంతులో కోపం కంటే వేడికోలు ఎక్కువ. కాదనమని, కాగితమే తప్పని, ఏదో ఒకటి చెప్పమని అడుగుతున్నట్టు ఉంది.

"ఇక్కడ నువ్వు ఎవరి ఊపిరీ వినక్కర్లేదు కదా, పంకజం" అన్నారు అలివేలమ్మ గారు.

పంకజాక్షి చేతిలోంచి కదురు జారి చాప మీద దొర్లింది. ఎవరూ తీయలేదు. ఆమె చాలాసేపు ఆ బూడిదరంగు చిలపనే చూస్తూ కూర్చుంది. నా భుజాలు లాగుతున్నాయి, అయినా చేతులు దించడానికి మనసు ఒప్పలేదు. ఎండ మెట్ల దాకా వచ్చింది. ఆ రోజు పాఠం లేదని ఎవరూ చెప్పలేదు, ఎవరూ అడగలేదు. కాసేపటికి ఆమె చెయ్యి చాచి ఒక బుడిపెను బొటనవేలి కింద పెట్టుకుంది. దాని పక్కదాన్ని. ఆ పక్కదాన్ని. ఇందాకటిలా "ఇక్కడ ఆగింది" అనలేదు. ప్రతి దాని దగ్గరా తనే ఆగి, తల కొంచెం పక్కకు వంచి, ఎక్కడో లోపలి గదిలోంచి రావలసిన చప్పుడు కోసం చూసినట్టు చూసింది. తను అలా తల వంచుతున్నట్టు ఆమెకు తెలియదు. మాకు కనబడుతూనే ఉంది.

తల ఎత్తినప్పుడు ఆమె కళ్లు పొడిగా ఉన్నాయి. "అయితే అమ్మా, మా అమ్మ వడికింది నా దగ్గర ఒక్క పోగు కూడా లేదన్నమాట. ఒకటీ రెండూ కాదు, పదకొండేళ్ల శుక్రవారాలు నా ఉండనే నేను పట్టుకుని ఏడ్చానన్నమాట. ఇంక ఆవిడను నేను దేనితో పట్టుకోను?" అని అడిగింది.

అలివేలమ్మ గారు ముందుకు జరిగి, నా చేతుల మీంచి చిలపను తీశారు. మెలిక పడకుండా సర్ది, పంకజాక్షి చేతుల్లో పెట్టారు.

"ఇన్నాళ్లూ ఆవిడను పట్టుకున్నది నువ్వనుకున్నావు కదూ. నీ చేతులను పట్టుకున్నది ఆవిడే" అన్నారు.